చేతి నిమిషానికి ఎంత? విజయవాడలో ఒక కాగితం యూనిట్, 2025 పండగ సీజన్

విజయవాడలో గుణదల వైపు ఒక ఇంటి పై అంతస్తులో మా కాగితం యూనిట్ నడుస్తోంది. నేను, మా తోడికోడలు రోజంతా ఇదే పనిలో ఉంటాం. మా వీధిలోని నలుగురు ఆడవాళ్లు పీసు లెక్కన చేస్తారు. సీజన్‌లో డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు సాయంత్రం పూట వస్తారు. క్రిస్మస్ స్టార్లు, స్వీట్ల పెట్టెలు, చదివింపుల కవర్లు, సన్నటి కాగితం పట్టీలు చుట్టి అతికించే క్విల్లింగ్ కార్డులు, కాగితం తోరణాలు, పేరంటం సంచులు మా సరుకు. ఏడాది అమ్మకాల్లో చాలా భాగం దసరా నుంచి సంక్రాంతి లోపే వస్తుంది. మిగతా నెలల్లో అద్దె, కరెంటు బిల్లు వెళ్లిపోతే చాలనుకుంటాం.

2025 సీజన్‌లో ఏ ఆర్డర్ తీసుకున్నాం, ఏది వద్దన్నాం, ఏ లెక్క మీద అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని ఇలాంటి పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అంకెలు మావి. మీ ఊళ్లో కూలి, కాగితం ధర వేరుగా ఉంటాయి కాబట్టి పద్ధతి వరకు తీసుకోండి.

మొదట నిమిషాల లెక్క

మా పనిలో ముడిసరుకుకి కొరత రాదు. మిల్లు బోర్డు కావాలంటే వన్‌టౌన్‌లో ఏ పూటైనా దొరుకుతుంది. హ్యాండ్‌మేడ్ షీట్లు జైపూర్ పక్కన సాంగానేర్ నుంచి ట్రాన్స్‌పోర్టులో వచ్చేస్తాయి. డిజైన్లకైతే కొదవే లేదు, ఫోన్ తెరిస్తే వెయ్యి. డబ్బు పెట్టినా దొరకనివి పని వచ్చిన చేతులు. నవంబర్‌లో కొత్తగా ఒకరిని తెచ్చుకుంటే, వాళ్లు స్టార్ కోణం వంకర లేకుండా అతికించే సరికి క్రిస్మస్ దాటిపోతుంది.

అందుకే జులైలో కూర్చుని ప్రతి వస్తువుకీ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ముడిసరుకు ఖర్చు తీసేశాక, ఇది చేతి నిమిషానికి ఎంత తెస్తోంది? పీసు రేటు కూడా నిమిషాల మీదే కట్టాం కాబట్టి కూలి నిమిషానికి రూపాయి పావలా పడుతుంది. దానికి పైన మిగిలిందే అద్దెకి, వేస్టుకి, మా ఇద్దరికీ.

క్విల్లింగ్ కార్డు మాకు పేరు తెచ్చిన వస్తువు. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే జనం ముందు దాని దగ్గరే ఆగుతారు. దాని ధర 120 రూపాయలు, సరుకు 12, పని యాభై నిమిషాలు. అంటే నిమిషానికి రెండు రూపాయల పదహారు పైసలు. కూలి పోగా రూపాయి కూడా మిగలదు. చదివింపుల కవరు చూడటానికి ఏమీ ఉండదు, రంగు కాగితానికి మడత, ఒక జరీ దారం, రూపాయి బిళ్ల అతికించే చోటు. షాపుకి 15కి ఇస్తాం, సరుకు 4, పని మూడు నిమిషాలు. నిమిషానికి మూడున్నర పైనే. స్వీట్ల పెట్టె 60కి పోతుంది, సరుకు 32, పని తొమ్మిది నిమిషాలు. మూడు రూపాయల చిల్లర. స్టార్ షాపుకి 250, సరుకు 100, పని నలభై ఐదు నిమిషాలు, మూడుంపావు దాటుతుంది. అదే స్టార్‌ని మా దగ్గరికే వచ్చి 350కి కొంటే ఐదున్నర.

మా తోడికోడలు ఈ కాగితం చూసి, "అయితే అందరూ మెచ్చుకునేదే అన్నిటికంటే దండగన్నమాట" అంది. సీజన్ నాలుగు నెలలూ క్విల్లింగ్ కార్డులు ఆపేశాం. నిమిషానికి ఐదు రూపాయలు రావాలంటే ఆ కార్డు 260కి అమ్మాలి. కార్డుకి ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడం న్యాయమే. అదే క్విల్లింగ్‌ని ఫ్రేము కట్టి పెళ్లిరోజు కానుకగా అమ్మితే ధర వేరే సంగతి. ఆ ఆర్డర్లన్నీ ఫిబ్రవరికి పెట్టుకున్నాం.

స్టార్ మీద పని ఎలా తగ్గించాం

కోస్తా జిల్లాల్లో క్రిస్మస్ స్టార్ అమ్మకం డిసెంబర్ ఇరవైల్లో మొదలవుతుందని బయటివాళ్లు అనుకుంటారు. ఇక్కడ సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకి ముందు జరిపే వేడుకలు, డిసెంబర్ మొదటి వారం నుంచే. ప్రతి చర్చికీ, స్కూలుకీ, ఆఫీసుకీ ఒక తేదీ ఉంటుంది. రాత్రిళ్లు క్యారల్స్‌కి వెళ్లేవాళ్లకి ముందు నడిచే స్టార్ కావాలి. అంటే నవంబర్ ఆఖరుకి సరుకు రాక్‌లో ఉండి తీరాలి.

మా స్టార్‌కి ఏడు కోణాలు, విప్పితే సుమారు రెండడుగులు. ఒక్కో కోణం ఒక్కో ముక్క. ముక్కని గీత మీద నొక్కి, మడిచి, పక్క ముక్కకి అతికిస్తూ పోతాం. ఆఖరి అతుకు మాత్రం వేయం. అక్కడ దారాలు వదులుతాం. దాంతో స్టార్ పుస్తకంలా మూసుకుంటుంది, కొన్నవాళ్లు ఇంట్లో విప్పి ముడి వేసుకుంటారు. ప్రతి ముక్క మీదా కిటికీల్లా చిల్లులుంటాయి, లోపలి వైపు రంగు టిష్యూ అతుకుతాం, బల్బు వెలిగితే పూల ఆకారాలు గోడ మీద పడతాయి.

దీనికి 200 జీఎస్ఎం (చదరపు మీటరు 200 గ్రాములు తూగే) హ్యాండ్‌మేడ్ షీటే వాడతాం. అది చెక్క గుజ్జుతో చేసేది కాదు, తిరుప్పూర్ లాంటి చోట్ల బనియన్ గుడ్డ కత్తిరించగా మిగిలిన ముక్కల నుంచి తీసిన నూలు గుజ్జు. పోగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి మడత దగ్గర విరగదు. ఐవరీ బోర్డు అనే మిల్లు అట్ట చవక, నునుపు, కానీ రంగు అచ్చువేసిన బోర్డుని మడిస్తే మడత పొడవునా తెల్లగా పగులుతుంది. స్టార్‌లో అన్నీ మడతలే. వెలుతురు పడేది కూడా అక్కడే.

నలభై ఐదు నిమిషాల్లో సగం దాకా ముక్కలు కత్తిరించడానికీ, మడత గీతలు నొక్కడానికీ పోయేది. సిరా అయిపోయిన బాల్‌పెన్, స్టీల్ స్కేలు పెట్టుకుని ముక్కకి నాలుగు గీతలు. ఈ రెండు పనులకీ డై, అంటే ఆకారానికి తగ్గట్టు బ్లేడ్లు బిగించిన అచ్చు, కట్టించి, వన్‌టౌన్‌లో డై పంచింగ్ చేసే ఒకాయనకి ఇచ్చాం. ఆయన మొదట ఒప్పుకోలేదు. హ్యాండ్‌మేడ్ షీటు ఒకే మందంలో ఉండదు, చోటు చోటుకీ, షీటు షీటుకీ తేడా ఉంటుంది. దళసరి చోట బ్లేడు దిగదు, పలచని చోట మడత గీత కూడా తెగిపోతుంది. "అమ్మా, ఇది కాగితం కాదు, అప్పడం" అన్నాడు. చివరికి షీట్లని చేత్తో తడిమి రెండు కట్టలు చేసి పంపడం మొదలుపెట్టాం. దళసరి కట్టకి ఆయన డై కింద ఒక కాగితం పొర ఎక్కువ వేస్తాడు. ఆ తడిమే పని మా తోడికోడలిది. మందం కొలిచే పరికరం తెస్తానన్నా వద్దంది.

పంచింగ్ కూలితో సరుకు ఖర్చు 110 అయింది, పని ఇరవై ఎనిమిది నిమిషాలకి దిగింది. షాపుకి అమ్మినా నిమిషానికి ఐదు రూపాయలు, మా దగ్గర కొంటే ఎనిమిదిన్నర. చిల్లులు మాత్రం డైకి ఇవ్వలేదు. రబ్బరు షీటు పరిచి, ఉలి లాంటి పంచ్ పెట్టి, సుత్తితో ఒక్కొక్కటే కొడతాం. చిల్లు అంచున కాగితం పోగులు కొంచెం పైకి లేస్తాయి, బల్బు వెలిగినప్పుడు ఆ అంచు మెత్తగా మెరుస్తుంది. మెషిన్ చిల్లు అలా ఉండదు. బజార్లో ప్లాస్టిక్ స్టార్ మా ధరలో సగానికే దొరుకుతున్నప్పుడు జనం మా దగ్గరికి వచ్చేది దీని కోసమే కాబట్టి అక్కడ నిమిషాలు ఆదా చేయడం తెలివైన పని కాదు.

దీపావళి పెట్టెలు

ఇది త్వరగా చెప్పేస్తాను. దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. పెట్టెల సరుకు పదిహేనో తేదీ లోపు షాపులకి చేరాలి. ఒక స్వీట్ షాపు రెండు వేలు అడిగింది, ఆరు వందలకి ఒప్పుకున్నాం. రెండు వేలు ఒప్పుకుంటే పెట్టెల మీద మూడు వందల గంటలు పోతాయి, అక్టోబర్‌లో ఒక్క స్టారూ తయారవదు.

సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. ఐవరీ బోర్డు లాంటి మిల్లు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతం అయింది, కొరియర్‌కి వాడే అట్టపెట్టెల మీద 12 నుంచి 5కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మేం ఆ లోపే, రాష్ట్రం లోపలే అమ్ముకుంటాం. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి కట్టిన పన్ను వెనక్కి రాదు, కాబట్టి పెరిగింది నేరుగా మా నెత్తినే. లెక్కేస్తే పెట్టెకి రూపాయి దాకా. ముందే ధర చెప్పేశాం కాబట్టి భరించాం. డబ్బు కూడా ఆ షాపు నుంచి నవంబర్ చివరికి వచ్చింది. పేరెందుకులే. ఇకమీదట పెట్టెలకి సగం అడ్వాన్సు లేకుండా బోర్డు కొనం.

జిగురు గురించి ఒక మాట. బైండింగ్ చేసేవాళ్లు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. చవకైన జిగురు, అతుకు కూడా గట్టిది. డైరీల అట్టలకి మేమూ అదే వాడతాం. కానీ మైలుతుత్తం విషం. స్వీట్లు పెట్టే పెట్టెలో అది వాడకూడదు. ఎవరూ అడగరు, అడగకపోయినా సరే, పెట్టెలకి తెల్ల జిగురే.

మూఢం, తుపాను, అమెరికా పోస్టు

నవంబర్ చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం అని పంచాంగాల్లో ముందే ఉంది. మామూలు సంవత్సరాల్లో డిసెంబర్ మొదట్లో కూడా కొన్ని ముహూర్తాలుంటాయి. ఈసారి పెళ్లిళ్లన్నీ కార్తీకంలోనే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చదివింపుల కవర్ల ఆర్డర్లు నవంబర్ మూడు వారాల్లోనే కుమ్మరించినట్టు వచ్చాయి, సరిగ్గా స్టార్లు అతికించాల్సిన రోజుల్లో. పంచాంగం ఆగస్టులోనే చూసి ఉండటంతో కవర్లలో సగం సెప్టెంబర్‌లోనే చేసి పెట్టాం, పేర్లు రాసే చోటు ఖాళీగా వదిలి. నవంబర్‌లో ఆ కవర్ల మిగతా పని సాయంత్రం వచ్చే అమ్మాయిలకి అప్పగించాం. పాత చేతులు స్టార్ల మీద నుంచి లేవలేదు. కాగితం వ్యాపారానికి పంచాంగం ఎందుకని నవ్వేవాళ్లు ఉంటారు. చదివింపుల కవరు అమ్మేవాడికి అదే డిమాండ్ రిపోర్టు.

మొంథా తుపాను అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. విజయవాడలో అంతకుముందు నుంచే వాన. మా గది మొదటి అంతస్తు కాబట్టి నీళ్ల భయం లేదు. భయం గాల్లోని తేమతో. కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన కాగితాన్ని అతికిస్తే ఎండ వచ్చాక ముడుచుకుని కోణాలు మెలిక తిరుగుతాయి. మిల్లు బోర్డులో పోగులన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి కాబట్టి అది ఒక పక్కకే వంగుతుంది. చేత్తో ఎత్తిన షీటులో పోగులు అన్ని దిక్కులా ఉంటాయి, వంగడం తక్కువ, కానీ మెత్తబడుతుంది, మడత కత్తిలా నిలబడదు. తెల్ల జిగురు కూడా ఆరదు. ఫ్యాన్ వేస్తే తడి గాలే తిరుగుతుంది.

మా గోడకి చిన్న తేమ మీటరు ఉంది, కొన్ని వందల రూపాయల వస్తువు. 75 శాతం దాటితే జిగురు డబ్బా మూత తీయకూడదని నియమం. ఆ వారం అది చాలా రోజులు 75 పైనే. అప్పుడు పొడి పనులకి మళ్లాం: చిల్లులు కొట్టడం, టిష్యూ ముక్కలు కత్తిరించడం, ట్యాగులకి దారాలు కట్టడం. కట్ చేసిన ముక్కలన్నీ పాలిథిన్ సంచుల్లో గట్టిగా కట్టి బీరువాలో పెట్టాం. ఎండ రాగానే అతికించడం ఒక్కటే మిగిలింది. పని వారం మీద ఆగింది కానీ కూలి ఆగలేదు, పీసు రేటు ప్రతి దశకీ విడిగా ఉండటం వల్ల. మొత్తం స్టార్‌కి ఒకే రేటు ఉంటే ఆ వారం ఆ నలుగురి ఇళ్లలోకి ఒక్క రూపాయి వెళ్లేది కాదు, వాళ్లు వేరే పని వెతుక్కునేవాళ్లు. సీజన్ మధ్యలో వాళ్లని పోగొట్టుకుంటే మిగతా లెక్కలన్నీ ఎందుకూ పనికిరావు.

అమెరికా సంగతి మేం ఊహించనిది. మా దగ్గర కొనేవాళ్లలో కూతుళ్లో కొడుకులో అక్కడున్న అమ్మలు చాలామంది. స్టార్లూ, దీపావళి కాగితం లాంతర్లూ పుస్తకంలా మూసుకుంటాయి కాబట్టి పచ్చళ్ల కంటే తేలిగ్గా పోస్టులో వెళ్తాయి. ఆగస్టు ఆఖరుకి అమెరికాకి పోస్టు పార్సిళ్లు ఆగాయి. అక్టోబర్ 15న మళ్లీ మొదలైనప్పుడు, సరుకు విలువలో సగం సుంకం బుకింగ్ దగ్గరే కట్టాలన్నారు. దీపావళికి ఐదు రోజులు, ఇంక లాంతర్లు చేరేదెప్పుడు? ఆ సరుకు కార్తీక దీపాల పేరు మీద ఊళ్లోనే తగ్గించి అమ్మేశాం. క్రిస్మస్‌కి మాత్రం కొందరు సుంకం కట్టే పంపించారు. "పోనీలే అమ్మా, మనవరాలికి తాతగారి ఊరి స్టార్" అని ఒకావిడ రెండు తీసుకెళ్లింది.

ఎవరికి ఏం చెప్పి అమ్మాం

వచ్చిన ప్రతివాళ్లకీ రెండు సంగతులు చెప్పి అమ్మాం, అమ్మకం తగ్గినా సరే. ఒకటి, మా స్టార్ వరండాకీ, లోపలికీ తప్ప ఆరుబయటకి కాదు. డిసెంబర్‌లో వాన రాకపోయినా తెల్లవారుజామున మంచు కురుస్తుంది, రెండు రాత్రులకి కాగితం వేలాడిపోతుంది. ఒక పాస్టరుగారు చర్చి గేటుకి నాలుగు కట్టాలన్నారు. "గేటుకి మంచులో ఆగదండీ, అక్కడికి ప్లాస్టిక్‌ది తీసుకోండి. లోపల స్టేజీ మీదికి మాది కట్టుకోండి" అన్నాను. ఆయన స్టేజీకి ఆరు తీసుకున్నారు, సంఘంలో వాళ్లకి కూడా చెప్పారు.

రెండోది బల్బు. పాత గుండు బల్బు కాగితంలో పెడితే మాడుతుంది, అంటుకోవచ్చు కూడా. చిన్న ఎల్ఈడీ బల్బే వాడాలి, హోల్డర్ దాని వైరు మీదే వేలాడాలి, బరువు కాగితం మీద పడకూడదు, పైన గాలి పోయే సందు మూయకూడదు. ఇదంతా తెలుగులో ట్యాగు మీద అచ్చువేయించి ప్రతి స్టార్‌కీ కట్టాం. నోటితో చెప్పేది కొన్నవాళ్ల వరకే, బల్బు పెట్టేది ఇంట్లో ఇంకెవరో.

ఆర్డర్ పుస్తకం డిసెంబర్ 12న మూసేశాం. ఆ తేదీ నవంబర్ మొదటి నుంచే వాట్సాప్ స్టేటస్‌లో, మెట్ల దగ్గర బోర్డు మీద ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి రాక్‌లో ఉన్న సరుకు మాత్రమే, రంగు కోరుకోవడం లేదు, పేరు రాయడం లేదు. "అక్కా, ఒక్కటే కదా, పాప పేరు రాసివ్వవా" అంటే కాదనడం చాలా కష్టం. ఒక్క పేరు రాయడానికి పది నిమిషాలు పోతుందన్నది కష్టంలో చిన్న భాగం. కూర్చున్న మనిషి లేచి, రంగు కలిపి, మళ్లీ జిగురు దగ్గరికి వచ్చే సరికి పక్కవాళ్ల చేతులు కూడా ఆగుతాయి. ఆ కాదనే పని నాది. మా తోడికోడలు కూర్చుంటే అందరికీ రాసిచ్చేస్తుంది.

స్టార్లలో షాపులకి ఇచ్చింది సగం లోపే. మిగతావి మా దగ్గరికే వచ్చి కొన్నారు. షాపుకి ఇచ్చే స్టార్‌కీ, చేతికి అమ్మే స్టార్‌కీ వంద రూపాయలు తేడా. అయినా షాపుల్ని వదలలేదు. నవంబర్‌లో వాళ్లు కొంటేనే డిసెంబర్‌కి కాగితం డబ్బు చేతిలో ఉంటుంది.

సంక్రాంతి తోక

డై పంచింగ్‌లో మిగిలిన ముక్కలు బస్తాల్లో వచ్చాయి. హ్యాండ్‌మేడ్ ముక్క పారేయడానికి మనసొప్పదు, పైగా డబ్బిచ్చి కొన్నది. స్టార్ ముక్కకీ ముక్కకీ మధ్య మిగిలేది పొడుగాటి త్రికోణం. అందులో ట్యాగు వస్తుంది, రెండు కలిపితే చిన్న పొట్లం వస్తుంది. ఆ పొట్లాలు భోగిపళ్ల పేరంటాలకి సరిపోయాయి: రేగిపళ్లు, చిల్లర, బంతిపూల రేకలు వేసి పిల్లల చేతికి ఇవ్వడానికి. సరుకు ఖర్చు దారమే, పని రెండు నిమిషాలు, పది రూపాయలకి పోయాయి. నిమిషాల లెక్కలో స్టార్ పక్కనే నిలబడిన వస్తువు ఇదొక్కటే. కానీ తుక్కు ఉన్నంతవరకే చేయగలం. కొత్త షీటు కోసి చేస్తే లెక్క తప్పుతుంది.

మిగిలిపోయిన స్టార్లు కొన్ని ఉన్నాయి. డిసెంబర్ 26న సగం ధరకి అమ్మమని చాలామంది సలహా ఇచ్చారు. అమ్మలేదు. అలా ఒకసారి అమ్మితే వచ్చే ఏడాది ఇరవై మంది 26 దాకా ఆగుతారు. పైగా స్టార్ మూస్తే పుస్తకమంత. తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, పాలిథిన్ కట్టి, లేత రంగువి ఒక పెట్టెలో, ముదురు రంగువి ఒక పెట్టెలో పెట్టాం. తేమ, కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగు తగలకపోతే కొత్త సరుకుతో కలిపే అమ్మొచ్చు. ముదురు ఎరుపు మాత్రం కిటికీ పక్కన ఉంచితే వెలిసిపోతుంది, దాన్ని బీరువా అడుగున పెట్టాం. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి వచ్చే జనంలో కొందరు అడుగుతారు కాబట్టి నీలం, తెలుపు రంగువి నాలుగు కట్టలు పైనే ఉంచాం. వచ్చే సీజన్‌కి రెండో సైజు డై గీయించాం, ఒకటిన్నర అడుగుది. పంచింగ్ ఆయన ఈసారి షీట్లు తనే తడిమి కట్టలు చేసుకుంటానన్నాడు, ముక్కకి పావలా ఎక్కువ తీసుకుని. మా తోడికోడలు ఇంకా ఒప్పుకోలేదు.